చోకై విశాఖను కాల్చిందా? తన టార్పెడోలే దాన్ని ముంచాయా?

మీరు అడిగినవి మూడు విషయాలు. 1942 ఏప్రిల్‌లో విశాఖపట్నం మీద ‘చోకై’ అనే జపాన్ క్రూయిజర్ (వేగంగా పోయే ఒక రకం పెద్ద యుద్ధనౌక) ఫిరంగులు పేల్చిందని మీ తాతగారు చెప్పేవారు, అది నిజమేనా అన్నది మొదటిది. మిగతా యుద్ధకాలమంతా ఆ ఓడ ఎక్కడెక్కడ తిరిగింది, ఏం చేసింది అన్నది రెండోది. చివరికి తన టార్పెడోలే (నీటిలో దూసుకెళ్లి శత్రు ఓడను పేల్చే ఆయుధాలు) తన మీద పేలి మునిగిపోయిందని ఎక్కడో చదివారు, దాన్ని నమ్మవచ్చా అన్నది మూడోది.

సూటిగా చెబుతాను. చోకై ఫిరంగులు విశాఖను కాల్చలేదు. ఆ రోజు ఊరి మీద పడినవి ‘ర్యూజో’ అనే చిన్న విమానవాహక నౌక నుంచి ఎగిరి వచ్చిన విమానాలు వేసిన బాంబులు. అయితే ఆ దాడిని నడిపించిన సేనాధిపతి ఉన్నది చోకై మీదే కాబట్టి, మీ తాతగారి నోట ఆ పేరు రావడంలో వింతేమీ లేదు. ఇక టార్పెడోలు పేలి మునిగిందన్న కథ 2019తో చెల్లిపోయింది. ఆ ఏడాది సముద్రగర్భంలో ఓడ శిథిలం దొరికినప్పుడు, పేలిపోయాయనుకున్న టార్పెడోలు చెక్కుచెదరకుండా కనిపించాయి.

నేను చరిత్ర పండితుణ్ని కాను. విశాఖలో ఓడల మరమ్మతు పనిలో ముప్పై ఏళ్లకు పైగా గడిపి పదవీ విరమణ చేశాను. రెండో ప్రపంచయుద్ధపు జపాన్ ఓడల చరిత్రలను, అవి తిన్న దెబ్బల నివేదికలను ఒకదాని పక్కన ఒకటి పెట్టుకుని చదవడం అప్పటి నుంచీ ఉన్న అలవాటు. అందుచేత ఇక్కడ చెప్పేది కొంత చదివినది, కొంత డ్రైడాక్‌లో, అంటే నీళ్లు తోడేసి ఓడ అడుగును బాగుచేసే తొట్టెలో, ఇనుమును చూసి నేర్చుకున్నది.

ముందు ఓడ సంగతి. తకావో తరగతికి చెందిన నాలుగు భారీ క్రూయిజర్లలో చోకై ఒకటి. మిగిలినవి తకావో, అతాగో, మాయా. నాగసాకిలోని మిత్సుబిషి యార్డులో 1928 మార్చిలో దీని నిర్మాణం మొదలై, 1931 ఏప్రిల్‌లో నీటిలోకి దిగి, 1932 జూన్ 30న నౌకాదళంలో చేరింది. పొడవు 203 మీటర్లకు పైమాటే. రెండేసి గొట్టాల చొప్పున అయిదు టరెట్లలో (ఫిరంగులు బిగించి అటూ ఇటూ తిప్పే ఉక్కు గూళ్లలో) పది 20 సెంటీమీటర్ల ఫిరంగులు, వాటికి తోడు 61 సెంటీమీటర్ల టార్పెడో గొట్టాలు ఎనిమిది ఉండేవి. జపాన్‌వారు పెద్ద క్రూయిజర్లకు పర్వతాల పేర్లు, చిన్నవాటికి నదుల పేర్లు పెట్టేవారు. చోకై కూడా యమగతా, అకితా ప్రాంతాల సరిహద్దులో ఉన్న ఒక అగ్నిపర్వతం పేరే. మొగామి, సుజుయా లాంటి భారీ క్రూయిజర్లకు నదుల పేర్లెందుకు ఉన్నాయని కొందరు అడుగుతుంటారు. అవి పుట్టినప్పుడు తేలికపాటి క్రూయిజర్లు. తర్వాత పెద్ద ఫిరంగులు అమర్చినా పాత పేర్లే ఉండిపోయాయి.

ఒక చిన్న వివరం ఇక్కడే గుర్తుపెట్టుకోండి, చివర్లో అవసరమవుతుంది. యుద్ధానికి ముందు తకావో, అతాగోలను యార్డుకు తెచ్చి పూర్తిగా ఆధునికీకరించి, టార్పెడో గొట్టాలను పదహారుకు పెంచారు. మాయా, చోకైల వంతు వచ్చేసరికి యుద్ధం ముంచుకొచ్చింది. మాయా 1943 నవంబరులో నైరుతి పసిఫిక్‌లోని జపాన్ స్థావరం రబౌల్ దగ్గర దెబ్బతిని ఇంటికి వచ్చినప్పుడు విమాన నిరోధక క్రూయిజర్‌గా మారిపోయింది. చోకైకి మాత్రం ఆ భాగ్యం కలగలేదు. చిన్న తుపాకులు కొన్ని అదనంగా బిగించుకుని, పాత 12 సెంటీమీటర్ల విమాన నిరోధక ఫిరంగులతోనే చివరిదాకా తిరిగింది. ఒక రకంగా చూస్తే పెద్ద దెబ్బ తగలకపోవడమే దాని దురదృష్టం: నెలల తరబడి యార్డులో ఉండవలసిన అవసరం రాలేదు కనుక బాగుపడే అవకాశమూ రాలేదు.

యుద్ధం మొదలైనప్పుడు చోకై వైస్ అడ్మిరల్ ఒజావా జిసబురో ఫ్లాగ్‌షిప్‌గా (దళాధిపతి ఉండే ఓడగా) మలయా దాడికి కాపలా కాసింది. 1941 డిసెంబరు 9 రాత్రి బ్రిటిష్ యుద్ధనౌకలు ప్రిన్స్ ఆఫ్ వేల్స్, రిపల్స్‌ల కోసం జపాన్ విమానాలు చీకట్లో గాలిస్తూ, కింద కనిపించిన చోకైనే శత్రువనుకుని దాని నెత్తిన వెలుగు బాంబులు జారవిడిచాయి. దాడికి సిద్ధమవుతున్న తమ విమానాలను, మీరు చూస్తున్నది చోకై అని ఒజావా వైర్‌లెస్‌లో ఆపించవలసి వచ్చింది. ఆ వెలుగులు కొద్ది మైళ్ల దూరంలో ఉన్న బ్రిటిష్ ఓడలకూ కనిపించాయి. అవి దారి మార్చుకున్నాయి. మర్నాడు ఆ రెండింటినీ విమానాలే ముంచాయి, చోకై ఫిరంగులకు పని పడలేదు. ఆరాత్రి వైర్‌లెస్ ఒక్క నిమిషం ఆలస్యమై ఉంటే చోకై యుద్ధ చరిత్ర రెండో రోజునే సొంతవాళ్ల చేతిలో ముగిసి ఉండేది. 1942 ఫిబ్రవరిలో ఇండోచైనా తీరంలో రాతిదిబ్బకు తగిలి అడుగు దెబ్బతింది. సింగపూరు జపాన్ చేతికి చిక్కి పదిరోజులు తిరగ్గానే అక్కడికే వెళ్లి మరమ్మతు చేయించుకుంది. మార్చిలో అండమాన్ ఆక్రమణకు అండగా నిలిచి, ఏప్రిల్ 1న బర్మాలోని మెర్గుయి నుంచి బంగాళాఖాతంలోకి బయలుదేరింది.

మన తీరానికి సంబంధించిన కథ ఇక్కడిదే కనుక కొంత వివరంగా చెబుతాను. అదే వారంలో అడ్మిరల్ నగుమో పెద్ద విమానవాహక దళం శ్రీలంక మీద పడింది. 5న కొలంబో, 9న ట్రింకోమలి. ఆ దళానికి ఉత్తరాన కలకత్తా నుంచి మద్రాసు దాకా సాగే సరుకు రవాణాను తెగగొట్టే పని ఒజావాది. ఆయన తన దళాన్ని మూడు ముక్కలు చేశాడు. కుమానో, సుజుయా ఉత్తరపు గుంపు. మొగామి, మికుమా దక్షిణపు గుంపు. మధ్య గుంపులో చోకై, ర్యూజో, యురా అనే చిన్న క్రూయిజర్, వాటితోపాటు డిస్ట్రాయర్లు అనే చిన్న, వేగమైన యుద్ధనౌకలు. ఏప్రిల్ 6న ఈ మధ్య గుంపులోని ర్యూజో విమానాలే విశాఖ రేవు మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. అదే రోజు చోకై సముద్రంలో అమెరికా సరుకు ఓడ బియన్‌విల్‌ను, బ్రిటిష్ ఓడ గాంజెస్‌ను ముంచింది. ఆ కొద్ది రోజుల్లో ఒజావా దళం మొత్తం ముంచినవి 23 ఓడలు, సుమారు 1,12,000 టన్నులు.

విశాఖలో దెబ్బ కంటే భయమే పెద్దది. రేవు తెరిచి అప్పటికి తొమ్మిదేళ్లయినా నిండలేదు. సింధియా యార్డుకు బాబూ రాజేంద్రప్రసాద్ గారు పునాదిరాయి వేసి ఏడాది కూడా కాలేదు. అయినా ఊరు ఊరంతా ఖాళీ అయింది. మా మేనత్తకు అప్పుడు తొమ్మిదేళ్లు. పొయ్యి మీద అన్నం గిన్నె అలాగే వదిలేసి, ఎడ్లబండి మీద విజయనగరం వైపు వెళ్లామని, దారిలో బండి కింద కట్టే లాంతరును కూడా వెలిగించనివ్వలేదని చెప్పేది. ఆమె కూడా ‘ఓడలు కాల్చాయి’ అనే అనేది. విమానాలు చూశావా అత్తా అని గట్టిగా అడిగితే, శబ్దం విన్నానని, చూసింది మాత్రం పొగను అని ఒప్పుకుంది. సముద్రం వైపు నుంచి శబ్దం వచ్చి, రేవు వైపు పొగ లేస్తే, తీరంలో పుట్టి పెరిగిన వాళ్లు ఓడనే తలుచుకుంటారు. మీ తాతగారి మాట కూడా ఇలాంటిదే అయి ఉంటుందని నా అభిప్రాయం. దాన్ని అబద్ధం అనడానికి నాకు నోరు రాదు. బీచ్ రోడ్డులోని విశాఖ మ్యూజియంలో అప్పుడు పడి పేలని బాంబు ఒకటి ప్రదర్శనలో ఉంది, ఎప్పుడైనా వెళితే చూడండి. ఓడ ఫిరంగి గుండుకు ముందు మొన మొనదేలి, ఒళ్లంతా మందపాటి ఉక్కుతో ఉంటుంది. విమానం బాంబుకు వెనక రెక్కలు బిగించే ఏర్పాటు ఉంటుంది. ఆ తేడా తెలిసిన కంటికి ఈ ప్రశ్నకు జవాబు అక్కడే దొరుకుతుంది.

1942 జూన్‌లో పసిఫిక్‌లో జరిగిన మిడ్‌వే యుద్ధంలో చోకై ఉన్నా అది దళాల లెక్కలో ఉండటమే, ఫిరంగి పేల్చే సందర్భం రాలేదు. దాని పేరు చరిత్రలో నిలిచింది 1942 ఆగస్టులో. జూలైలో కొత్తగా ఏర్పడిన 8వ నౌకాదళానికి అది ఫ్లాగ్‌షిప్ అయింది. అధిపతి వైస్ అడ్మిరల్ మికావా గునిచి. ఆగస్టు 7న అమెరికన్లు సోలమన్ దీవుల్లోని గ్వాడల్‌కెనాల్ ద్వీపంలో దిగగానే, మికావా చేతికందిన ఏడు క్రూయిజర్లను, ఒక డిస్ట్రాయర్‌ను వెంటబెట్టుకుని రబౌల్ వైపు నుంచి ద్వీపాల మధ్య సందుగుండా దూసుకువచ్చాడు. ముందు చోకై, వెనక బారుగా మిగతావి.

గ్వాడల్‌కెనాల్ పక్కనే ఉన్న సావో ద్వీపం దగ్గర 8వ తేదీ రాత్రి జరిగినదాన్ని చదివినప్పుడల్లా ఒక ఘట్టం దగ్గర ఆగిపోతాను. అర్ధరాత్రి దాటాక చోకై కాపలావాళ్ల దుర్భిణులకు కాపలా తిరుగుతున్న అమెరికా డిస్ట్రాయర్ ‘బ్లూ’ కనిపించింది. ఆ ఓడలో రాడార్ ఉంది. మికావా వేగం తగ్గించి, ఓడల వెనక తెల్లగా లేచే నురుగు కనపడకుండా చేసి, అన్ని ఓడల ఫిరంగులనూ దానివైపే గురిపెట్టించి ఊపిరి బిగబట్టాడు. బ్లూ మామూలుగా తన కాపలా హద్దు చివరకు వచ్చి, వెనక్కి తిరిగి, ఏమీ చూడనట్టే వెళ్లిపోయింది. కొండల నీడలు రాడార్‌ను తికమకపెట్టే చోట, ఏళ్ల తరబడి రాత్రిపూట చూడటానికే తర్ఫీదు పొందిన మనిషి కన్ను గెలిచింది. తర్వాత సుమారు గంటలో చోకై విమానాలు వెలుగు బాంబులు జారవిడిచాయి, అరగంట పైచిలుకు కాలంలో క్విన్సీ, విన్సెన్స్, అస్టోరియా, కాన్బెర్రా అనే నాలుగు భారీ క్రూయిజర్లు కొన ఊపిరికి వచ్చాయి. మిత్రపక్షంలో వెయ్యిమందికి పైగా చనిపోయారు.

చోకైకీ దెబ్బ తప్పలేదు. మంటల్లో ఉన్న క్విన్సీ నేరుగా జపాన్ వరుస మీదికి తిరిగి కాల్చిన గుళ్లలో ఒకటి చోకై పటాల గదిలో పడింది. అది మికావా నిలబడ్డ చోటికి ఆరు మీటర్ల దూరం. ముందున్న టరెట్ ఒకటి పనికిరాకుండా పోయింది, 34 మంది చనిపోయారు. అక్కడి నుంచి మికావా రవాణా ఓడల మీదికి వెళ్లకుండా వెనుదిరగడం ఈనాటికీ తగవుగానే ఉంది. తెల్లవారితే అమెరికా విమానాలు మీద పడతాయన్న భయం, చెల్లాచెదురైన సొంత ఓడలు, పటాలు బూడిదైన గది: ఈ మూడూ కలిసి ఆయన నిర్ణయం తీసుకున్నాడు. దాన్ని పిరికితనమని తేలిగ్గా అనేవాళ్లతో నేను ఏకీభవించను. ఆ విమానాలను మోసుకొచ్చిన అమెరికా విమానవాహక నౌకలు అప్పటికే దూరంగా జరిగిపోతున్నాయన్నది మనకు తెలుసు. ఓడను నడిపించే గదిలో నిలబడ్డ ఆయనకు తెలియదు. అయినా ఫలితం మాత్రం జపాన్‌కు నష్టమే: ఆ రవాణా ఓడలు బతకబట్టే ద్వీపంలో అమెరికన్లు నిలదొక్కుకోగలిగారు.

ఆ తర్వాతి రెండేళ్లను గబగబా దాటేస్తాను. అక్టోబరు 14 రాత్రి చోకై, కినుగాసా కలిసి గ్వాడల్‌కెనాల్ విమానాశ్రయం మీద 752 గుళ్లు కురిపించాయి. నవంబరు 14న విమానాల దాడిలో కినుగాసా మునిగింది, చోకై స్వల్ప గాయంతో బయటపడింది. 1943 ఫిబ్రవరిలో ద్వీపాన్ని ఖాళీ చేసేదాకా అక్కడే తిరిగి, జపాన్‌లోని యొకొసుకా రేవు చేరింది. 1944 జూన్‌లో ఫిలిప్పీన్ సముద్ర యుద్ధంలో ముందువరుసలో ఉన్నా ఓడలతో ముఖాముఖి తలపడే అవకాశం రాలేదు.

ఇక మీ మూడో ప్రశ్న. 1944 అక్టోబరులో కురితా అడ్మిరల్ పెద్ద దళం ఫిలిప్పీన్స్‌లోని లేటే ద్వీపం వైపు వెళుతుండగా, 23 తెల్లవారుజామున పలవాన్ జలసంధిలో డార్టర్, డేస్ అనే రెండు అమెరికా జలాంతర్గాములు కాచుకుని ఉన్నాయి. ఒక్క పూటలో అతాగో, మాయా మునిగిపోయాయి. తకావో కదలలేని స్థితిలో వెనక్కి పోయింది. నలుగురు అక్కచెల్లెళ్లలో చోకై ఒక్కటే మిగిలి, 5వ క్రూయిజర్ విభాగంలోని హగురో అనే ఓడ వెంట చేరింది. 25 ఉదయం సమార్ ద్వీపం దగ్గర ఆరు చిన్న విమానవాహక నౌకలు, ఏడు చిన్న కాపలా ఓడలు ఉన్న అమెరికా దళం వీళ్లకు ఎదురుపడింది. తరుముకుంటూ వెళ్లిన చోకై, తొమ్మిది గంటల ప్రాంతంలో దెబ్బతిని, వరుసలోంచి పక్కకు తప్పుకుంది.

ఎవరి దెబ్బ? చాలాకాలం పుస్తకాల్లో ఉన్నదిది: వైట్ ప్లెయిన్స్ అనే విమానవాహక నౌకకు వెనక ఉన్న ఒకే ఒక్క 5 అంగుళాల ఫిరంగి ఆరు గుళ్లు తగిలించింది, అవి చోకై టార్పెడోలను పేల్చాయి. వినడానికి గొప్పగా ఉంటుంది, నమ్మడానికి కారణమూ ఉంది. జపాన్ టార్పెడోలు శుద్ధమైన ఆక్సిజన్‌తో నడిచేవి, ఒక్కోదాని తలలో 490 కిలోల మందుగుండు. మిడ్‌వే తర్వాత మికుమా వాటివల్లే చిన్నాభిన్నమైంది. అదే దాడిలో టార్పెడోలను ముందే సముద్రంలోకి తోసేసిన మొగామి బతికింది. అంతెందుకు, సమార్ దగ్గర అదే ఉదయం సుజుయా తన టార్పెడోలే పేలి మునిగింది. పక్క ఓడకు జరిగిందే దీనికీ జరిగి ఉంటుందని అనుకోవడం సహజం.

నాకు మొదటి నుంచీ అనుమానం కలిగించినది సాక్షులు లేకపోవడం. కదలలేని చోకై నుంచి బతికున్నవాళ్లను డిస్ట్రాయర్ ఫుజినామి ఎక్కించుకుని, ఆ రాత్రి టార్పెడోలతో చోకైని తానే ముంచేసింది. రెండు రోజుల తర్వాత, సెమిరారా ద్వీపం దగ్గర నేలకు తగిలిన హయాషిమో అనే మరో డిస్ట్రాయర్‌కు సాయంగా వెళుతుండగా విమానాలు ఫుజినామిని ముంచాయి, ఒక్కరూ మిగల్లేదు. కాబట్టి చోకై లోపల ఏం జరిగిందో చెప్పే నోరు లోకంలో లేకుండా పోయింది. మిగిలినవి మైళ్ల దూరం నుంచి పొగలో చూసిన శత్రువుల మాటలు, పక్క ఓడల చిట్టాల్లోని ఒకటి రెండు పంక్తులు. ఆ ఉదయమే కిట్‌కన్ బే అనే విమానవాహక నౌక నుంచి వచ్చిన అవెంజర్ విమానాలు ఒక క్రూయిజర్ మీద బాంబులు వేశాయి. యంత్రాల భాగంలో బాంబు తగిలిందన్న వాదనకు నేను ఎక్కువ బరువు ఇచ్చేవాణ్ని.

దీనికి కారణం డ్రైడాక్ అనుభవం. ఒకసారి ఒక సరుకు ఓడ అడుగు పగిలి మా దగ్గరికి వచ్చింది. సముద్రంలో తేలుతున్న దుంగ తగిలిందని కెప్టెన్ దగ్గర నుంచి వంటవాడి దాకా ఒకే మాట చెప్పారు, చిట్టాలోనూ అదే రాశారు. డాక్‌లో నీళ్లు తోడేశాక కిందికి దిగి చూస్తే, రేకులు ముందు నుంచి వెనక్కి ఒకే వరుసలో గీసుకుపోయి, అతుకుల్లో పగడపు ముక్కలు ఇరుక్కుని ఉన్నాయి. వాళ్లందరూ అబద్ధమాడారని నేను అనుకోను. ఒకరు దుంగ అన్నారు, మిగతావాళ్లు ఆ కుదుపును దుంగగానే గుర్తుపెట్టుకున్నారు. అప్పటి నుంచి ఎంతమంది చెప్పినా రేకు చూసేదాకా నేను సంతకం పెట్టేవాణ్ని కాను.

చోకై రేకును చూసే అవకాశం 2019 మే నెలలో వచ్చింది. పెట్రెల్ అనే పరిశోధన నౌక ఆ శిథిలాన్ని 5,173 మీటర్ల లోతున కనిపెట్టింది. సముద్రం అడుగుకు దించిన యంత్రం పంపిన చిత్రాల్లో టార్పెడోలు ఉన్నచోటే ఉన్నాయి. అవి పేలి ఉంటే ఓడ నడిభాగం పైకప్పు లేచిపోయి, లోపలి రేకులు బయటికి పువ్వులా విచ్చుకోవాలి. అలాంటిదేమీ లేదు.

అయితే ఒక జాగ్రత్త. ఈ శిథిలం కొట్టేసింది టార్పెడోల పేలుడును మాత్రమే. వైట్ ప్లెయిన్స్ గుళ్లు అసలు తగలలేదని దాన్నిబట్టి తేల్చలేం. తగిలినా అవి టార్పెడోలను పేల్చలేదన్నంతవరకే చెప్పగలం. ఇందాక గుర్తుపెట్టుకోమన్న వివరం ఇక్కడికి వస్తుంది: బాంబే దీన్ని ఆపేసిందన్న వాదన సరైనదైతే, ఆధునికీకరణకు నోచుకోని ఆ పాత విమాన నిరోధక ఫిరంగులే దాని ప్రాణం మీదికి తెచ్చాయని అనుకోవాలి. పాత పుస్తకాల్లోని కథను మీరు ఎక్కడైనా రాయబోతుంటే, ఆ టార్పెడోల వాక్యం తీసేసి, యంత్రాలు దెబ్బతిని ఆగిపోయిందని, ఫుజినామి ముంచిందని రాస్తే చాలు.

మీ తాతగారు చూసిన ఆ ఏప్రిల్ దళం గురించి ఒక్క మాట. బంగాళాఖాతంలోకి వచ్చిన పెద్ద ఓడల్లో మికుమా 1942 జూన్‌లో, ర్యూజో ఆగస్టులో, యురా అక్టోబరులో పోయాయి. చోకై, సుజుయా, మొగామి మూడూ వేర్వేరు చోట్ల ఒకే రోజున, 1944 అక్టోబరు 25న మునిగాయి. ఆఖరున మిగిలిన కుమానో సరిగ్గా నెల తర్వాత, నవంబరు 25న లుజాన్ తీరంలో విమానాల దెబ్బకు అడుగుకు చేరింది.